ఏడువందల ఎనభై ఆరు తప్పులు

ముందుగా నా రాతకు మన్నింపు అడుగుతున్నాను. నేను పలక పట్టింది యాభై మూడో ఏట. అక్షరాలు తప్పుతాయి, గీతలు వంకర పోతాయి. ఒక పేజీ నిండేసరికి పక్కనున్న బార్లీ టీ రెండుసార్లు చల్లారుతుంది. ఇది రాయడానికి కూర్చుని "నేను" అని మొదలుపెడితే చెయ్యి సాగలేదు. "ఆమె" అని రాశాక సాగింది. అందుకని అలాగే ఉంచాను.

నిషివాకి గారి వర్క్‌షాపులో మల్సున్‌ను ఆ పేరుతో ఎవరూ పిలిచేవారు కాదు. అక్కడ ఆమె మత్సుబరా. కొరియా పేరు చెబితే పని దొరకదని పెళ్ళయిన కొత్తలో భర్త తగిలించుకున్న జపాను పేరు అది. ఊపిరితిత్తులు పాడై ఆయన పోయి ఏడేళ్ళయినా ఆ పేరు మాత్రం ఆమెను పట్టుకునే ఉంది. ఇంట్లో చదువు ఆయనది, వంట ఆమెది. ఆయన పోయాక వంట మిగిలింది. ఎవరైనా చేతికి కాగితం ఇస్తే, "అయ్యో, కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయానండీ" అనేది.

"మత్సుబరా కళ్ళజోడు ఇంట్లోనే కాపురం పెట్టింది, బయటికి రాదు," అని నిషివాకి గారు నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు వెనక ముప్ఫై ఏళ్ళ భయం ఉందని ఆయనకు తెలియదు.

తూర్పు ఒసాకాలో రైలు కట్ట పక్కన రేకుల షెడ్డు అది. పెద్ద కంపెనీలు చేసుకోలేని సన్నపని అంతా అక్కడికి వచ్చేది. పట్టకారుతో పట్టుకుని, భూతద్దం కింద పెట్టి, ఊపిరి బిగబట్టి చేసే పని. ఆ పనికి మల్సున్ చేతిని మించిన చెయ్యి లేదని కట్టకు ఆ పక్క వర్క్‌షాపుల వాళ్ళు కూడా ఒప్పుకునేవారు.

ఆ ఏడు వసంతంలో తోక్యో దగ్గర ఒక పరిశోధనా కేంద్రం నుంచి హతనో గారనే శాస్త్రవేత్త వచ్చాడు. నలభై దాటిన మనిషి, చొక్కా మోచేతుల దగ్గర చిరిగిపోవడానికి సిద్ధంగా ఉంది. చుట్ట చుట్టిన ఒక పెద్ద కాగితం బల్ల మీద పరిచాడు. అడ్డంగా నలభై, నిలువుగా నలభై, మొత్తం పదహారు వందల గళ్ళు. కొన్ని నల్లవి, కొన్ని తెల్లవి. ఒక వరుసకూ ఇంకో వరుసకూ పొంతన లేదు.

"నల్లగడి ఉన్నచోటల్లా ఒక టంగ్‌స్టన్ బిళ్ళ అంటించాలి. తెల్లగడి ఖాళీగా వదలాలి. అల్యూమినియం రేకు మీద," అన్నాడు.

"దేనికండీ ఇది?" అని అడిగింది గోబున్. మల్సున్ పక్క బల్ల మీద పనిచేసే మనిషి, ఆమెకంటే పదేళ్ళు చిన్నది. ఆమె లాగే కొరియాలోని జెజు దీవి నుంచి వచ్చిన కుటుంబం. మల్సున్‌ను అక్కా అని పిలిచేది.

హతనో గారికి చెప్పడమంటే ఇష్టం. టీ గ్లాసు పక్కన పెట్టి మొదలుపెట్టాడు. కొన్ని నక్షత్రాల నుంచి వచ్చే వెలుగు మామూలు వెలుగు కాదు, ఆసుపత్రిలో ఎముకలు చూసే ఎక్స్‌రేల వంటిది, ఇంకా గట్టిది. దాన్ని భూతద్దం వంచలేదు, ఎదురుగా అద్దం పెడితే తిప్పికొట్టలేదు, దూసుకుపోతుంది. అందుకని దుర్భిణిలో చూసినట్టు దాన్ని చూడలేం. పల్చటి అల్యూమినియం రేకునూ దాటుతుంది. కానీ దానికి ఒక మందపు టంగ్‌స్టన్ బిళ్ళ అడ్డం పెడితే నీడ పడుతుంది.

"ఒక్క చిల్లు పెట్టి చూడొచ్చు. కానీ ఒక్క చిల్లులోంచి వచ్చే వెలుగు ఏ మూలకి? అందుకని ఎనిమిది వందల చిల్లులు. ఆ గళ్ళన్నీ కలిసి కింద ఒక నీడ వేస్తాయి. నక్షత్రం ఇటు ఉంటే నీడ అటు జరుగుతుంది, అటు ఉంటే ఇటు. నీడ ఎంత జరిగిందో కంప్యూటరుతో లెక్క కట్టి, నక్షత్రం ఎక్కడుందో చెబుతాం. ఈ కాగితం నక్షత్రం వైపు నుంచి చూసినట్టు గీసింది. రేకును బెలూనుకు కట్టి ఆకాశంలోకి పంపుతాం."

"అంటే నక్షత్రం మీకు కనబడదు. దాని నీడే కనబడుతుంది," అంది మల్సున్.

"అంతేనమ్మా."

"మా అమ్మ అలాగే చెప్పేది. తను సముద్రంలో మునిగి గవ్వలు ఏరేది. అడుగున ఉన్నప్పుడు తల పైకెత్తే వీలుండదు. ఇసక మీద పడవ నీడ చూసుకుని, పడవ ఎక్కడుందో తెలుసుకుని పైకి వచ్చేది."

హతనో గారు గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "మా విద్యార్థులకు ఆ సంగతి చెప్పడానికి నాకు మూడు క్లాసులు పడుతుంది," అన్నాడు.

పని ముప్ఫై ఎనిమిది రోజులు పట్టింది. బియ్యపు గింజంత మందం, చిటికెన వేలి గోరంత వెడల్పు ఉన్న బిళ్ళలు. పట్టకారుతో ఎత్తి, సూదిమొనతో జిగురు చుక్క పెట్టి, గడిలో దించాలి. వెంట్రుక వాసి పక్కకు పోతే తీసి మళ్ళీ. మిగతావాళ్ళు అయితే వరుస అంకె చదువుకుంటూ చేస్తారు. మల్సున్‌కు అంకెలు చదవడం పదివరకే వచ్చు. అందుకని ఆమె కాగితాన్ని గుడ్డలా చూసింది. చిన్నప్పుడు అమ్మ పాత బట్టల ముక్కలు కలిపి మూటగుడ్డలు కుట్టేది. ముక్క పక్కన ముక్క, ఏదీ ఇంకోదాన్ని పోలదు. అయినా కళ్ళు మూసుకుని తడిమి ఇది పెద్దమ్మ గుడ్డ, ఇది అత్త గుడ్డ అని చెప్పగలిగేది. మల్సున్ కూడా ఒక్కో వరుసకు ఒక్కో పేరు పెట్టింది. కుడి అంచున కిందికి వరసగా ఐదు నల్లగళ్ళు ఉన్నచోటు "ఐదుగురు అక్కచెల్లెళ్ళు". ఎడమ మూల వంకీ తిరిగినచోటు "కుక్కతోక". మధ్యలో కొసతేలినది "అమ్మ కత్తి". వరుసల్ని జెజు పడవపాట వరసలో పాడుకుంటూ చేసేది.

"మూత మూత ఖాళీ మూత, ఖాళీ ఖాళీ మూత..."

"అక్కా, ఆ పాట నాకు కలలో కూడా వినబడుతోంది," అనేది గోబున్. "నిన్న మా ఆయన పక్కన పడుకుని మూత మూత అన్నానంట. గిన్నె మీద మూత పెట్టలేదేమోనని లేచి వంటింట్లోకి వెళ్ళి చూసొచ్చాడు."

పని పూర్తయిన రోజు నిషివాకి గారు తెల్ల చేతితొడుగులు వేసుకుని రేకును ఎత్తి చూశాడు. బిళ్ళలు ఉన్నవైపు అక్కడక్కడా జిగురు మెరుపులు, గరుకు. అటువైపు తిప్పితే రేకు నున్నగా, అద్దంలా ఉంది. ఆ నున్నటి వైపును పట్టుగుడ్డతో తుడిచాడు. ఎర్ర సిరాతో ఏదో రాసిన తెల్ల చీటీ ఒకటి దాని మీద అంటించాడు. పెట్టెలో ఆ వైపు పైకి ఉండేలా పెట్టి మూత వేశాడు. మల్సున్ చూస్తూనే ఉంది. చీటీ మీద ఉన్నది చిరునామా అనుకుంది.

తరువాత మూడు వారాలకు, జూలై ఎండలో, ఫోను వచ్చింది. నిషివాకి గారు ఫోను పట్టుకునే వంగి వంగి దండాలు పెట్టాడు. "అవునండీ, తప్పేనండీ, క్షమించండి" అన్న మాటలు తప్ప ఏమీ వినబడలేదు. పెట్టేశాక మొహం తుడుచుకుని మల్సున్ బల్ల దగ్గరికి వచ్చాడు.

"మత్సుబరా, కొంప ముంచావు."

పట్టకారు కింద పెట్టింది ఆమె.

"ఆ రేకు పనికిరాదట. లోపల బిగించి పరీక్ష చేశారు. ఒక్క దీపం పెడితే ఒక్క చుక్క కనబడాలి కదా. చుక్క లేదు, ఏమీ లేదు, అంతా గంజిలా ఉందట. ఎక్స్‌రే ఫొటో తీసి కాగితంతో పోల్చారు. ఏడువందల ఎనభై ఆరు గళ్ళు తప్పు."

పక్క బల్ల మీద గోబున్ పట్టకారు దించేసింది.

"ఎన్ని?" అంది మల్సున్.

"ఏడువందల ఎనభై ఆరు."

"అయ్యగారూ, మూడంటే నమ్ముతాను. ఐదంటే ఆ రోజు నాకు జ్వరమేమో అనుకుంటాను. ఏడువందలు నేను తప్పు చెయ్యలేను. కావాలని కూర్చున్నా అన్ని చెయ్యలేను."

"ఫొటో అబద్ధం చెబుతుందా?"

"నేను చెబుతున్నానా?"

నిషివాకి గారు మళ్ళీ మొహం తుడుచుకున్నాడు. "తప్పెవరిదన్నది తరవాత సంగతి. సెప్టెంబరులో పైగాలి మళ్ళే పదిహేను రోజుల్లోనే వాళ్ళు బెలూను ఎగరెయ్యాలి. ఆ రోజులు దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి. ఆ రేకు చెత్తలో పారేసి కొత్తది ఇంకో వర్క్‌షాపుకి ఇస్తారట. మనం చెయ్యగలిగింది ఒకటే. రేపు పొద్దున రైలెక్కి వెళ్ళి, మిఠాయి పెట్టె చేతికిచ్చి, తల వంచాలి. నేను వంగుతాను, పక్కన నువ్వు వంగాలి. పని చేసిన మనిషి వచ్చి వంగితేనే మర్యాద. అప్పుడైనా ఇంకో పని ఇస్తారేమో."

"వంగితే తప్పు నాదని ఒప్పుకున్నట్టే కదండీ."

"ఒప్పుకోవడం కాదు అది. మర్యాద."

"తరవాత నా బల్ల?"

నిషివాకి గారు రైలు కట్ట వైపు చూశాడు. "నెలాఖరు దాకా చూద్దాం. నీ చూపు కూడా మందగించింది. కళ్ళజోడు ఎప్పుడూ మరిచిపోతావు. నాదే పొరపాటు, ముందే చూసుకోవలసింది."

మల్సున్ తన బల్ల వంక చూసుకుంది. ఇరవై రెండేళ్ళు ఆ బల్ల మీద వంగి పనిచేసింది. వంగడం ఆమెకు కొత్తేమీ కాదు. కానీ పని మీద వంగడం వేరు.

"వస్తాను," అంది.

"మంచిది. నడుము దగ్గర్నించి వంగాలి, తల ఒక్కటే కాదు. మనసులో మూడు లెక్కపెట్టి అప్పుడు లేవాలి."

"వస్తానన్నానండీ. వంగుతానని అనలేదు."

సాయంత్రం ఇంటికి పోతూ దారిలో గోబున్ సైకిలు దిగి ఆమె పక్కన నడిచింది. "అక్కా, ఒక్కసారి వంగితే అరిగిపోతామా? మనల్ని వాళ్ళు ఎన్నిసార్లు వంచలేదు. వంగేసి, లోపల నాలిక బయట పెట్టుకో. నేను అలాగే చేస్తా."

"నువ్వు వంగితే నీ పని మీద మచ్చ పడదు. నా పని పోతోందే గోబున్. చెత్తలో పారేస్తారట దాన్ని."

"పోతే పోనీ. నీదా అది? వాళ్ళదే కదా."

మల్సున్ ఇంటికెళ్ళి అన్నంలో కిమ్చి కలుపుకుని తింటూ, ముద్దకీ ముద్దకీ మధ్య, మొదటి వరుస నుంచి నలభయ్యో వరుస దాకా పాడుకుంది. ఎక్కడా తడబడలేదు. అప్పుడు నిమ్మళించింది.

మరునాడు రైల్లో నిషివాకి గారు మిఠాయి పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒసాకాలో పేరున్న దుకాణంలో కొన్న యోకాన్, ఎర్ర చిక్కుడు గింజల హల్వా. పట్టుగుడ్డలో మూటకట్టాడు.  తోక్యోలో దిగేముందు మళ్ళీ చెప్పాడు. "మూడు లెక్కపెట్టు. మరిచిపోకు."

పరిశోధనా కేంద్రంలో ఒక పొడుగాటి గది. ఈ కొసన సీసం పెట్టెలో ఎక్స్‌రేలు వదిలే చిన్న బిళ్ళ, వాళ్ళ మాటల్లో దీపం, ఆ కొసన దుర్భిణి. దుర్భిణి అంటే ఒక పెద్ద నలుచదరపు డబ్బా. దాని మూతి దగ్గర బిగించి ఉండవలసిన రేకును విప్పి, పక్క బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పెట్టారు. శవాన్ని పెట్టినట్టే ఉంది. నున్నటి వైపు పైకి, మధ్యలో ఎర్ర అక్షరాల చీటీ.

హతనో గారు నిద్రలేని కళ్ళతో ఎదురొచ్చాడు. "ఇంత దూరం వచ్చారు, శ్రమ ఇచ్చాం," అన్నాడు.

నిషివాకి గారు మిఠాయి పెట్టె ముందుకు చాచి వంగిపోయాడు. "మా వర్క్‌షాపు చేసిన ఘోరానికి..."

పక్కన మల్సున్ నిలబడే ఉంది. మోచేత్తో పొడిచాడు. కదల్లేదు.

"మత్సుబరా," అన్నాడు నేల వంక చూస్తూనే, పళ్ళ మధ్య నుంచి.

"ఫొటో చూపించండి ముందు," అంది ఆమె హతనో గారితో.

నిషివాకి గారు నిటారుగా లేచాడు. ఆయన మొహంలో రంగు మారింది. "క్షమించండి, మా మనిషికి పద్ధతి తెలియదు, సముద్రానికి అటువైపు వాళ్ళు కదా..."

"ఎటువైపు వాళ్ళండీ?" అంది మల్సున్. గొంతు పెంచలేదు. "ఇరవై రెండేళ్ళుగా మీ షెడ్డువైపే ఉన్నాను."

హతనో గారు ఇబ్బందిగా దగ్గి, "చూపిస్తానమ్మా, అందులో తప్పేముంది," అని పెద్ద ఫిల్ము ఒకటి తెచ్చి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాడు. బయటి వెలుగులో గళ్ళన్నీ తేలాయి. పక్కనే తన పాత కాగితాన్ని టేపుతో అతికించాడు. తప్పు గళ్ళన్నిటికీ ఎర్ర పెన్సిలుతో చుక్కలు పెట్టి ఉన్నాయి. అమ్మవారు పోసినట్టుంది కాగితం.

"చూడండి. మొదటి వరుసలోనే ఇరవై తప్పులు. మేమూ నమ్మలేక రేకును నాలుగు వైపులకూ తిప్పి చూశాం. ఎటు తిప్పినా ఇంతే."

మల్సున్ దగ్గరికి వెళ్ళింది. మొదట కాగితం చూసింది. వేలు పెట్టి మెల్లగా పాడింది. "మూత మూత ఖాళీ మూత, ఖాళీ ఖాళీ మూత..." వరుస చివరిదాకా పాడి వేలు ఎత్తింది. హతనో గారు కాగితం మీద ఆమె వేలినే చూస్తున్నాడు.

"ఇది మీకు కంఠతా వచ్చా?"

"నలభై వచ్చు."

తరువాత ఫిల్ము వంక తిరిగింది. చాలాసేపు చూసింది. అది తన గుడ్డే. ముక్కలన్నీ తనవే. కానీ ఏదో, ఇంట్లోకి దొడ్డిదారిన వచ్చినట్టు, సామాన్లన్నీ ఉండి కూడా చోటు తెలియనట్టు ఉంది. ఐదుగురు అక్కచెల్లెళ్ళ కోసం కుడి అంచు వెతికింది. లేరు. ఎడమ అంచున ఉన్నారు, ఐదుగురూ, ఒకరి కింద ఒకరు. కుక్కతోక కుడి మూలకు వచ్చి వంకీ అటు తిప్పుకుని ఉంది.

ఆమె హతనో గారి చేతిలోంచి ఫిల్ము తీసుకుంది. అడగలేదు, తీసుకుంది. పెనం మీద అట్టు తిరగేసినట్టు ఫిల్మును తిరగేసి, మళ్ళీ కిటికీకి ఆనించింది.

"ఇప్పుడు పోల్చండి."

హతనో గారు కాగితం చూశాడు. ఫిల్ము చూశాడు. మొదటి వరుస, రెండో వరుస, పదో వరుస. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు.  చివరికి నలభయ్యో వరుస దగ్గర వేలు ఆపి, "ఒక్కటీ లేదు," అన్నాడు.

"ఏమిటండీ లేనిది?" అన్నాడు నిషివాకి గారు.

"తప్పు. ఒక్కటి కూడా లేదు."

మల్సున్ తెల్లగుడ్డ మీది రేకు దగ్గరికి వెళ్ళింది. "దీన్ని బోర్లా ఎందుకు పడుకోబెట్టారు?"

"బోర్లా కాదమ్మా. నక్షత్రం వైపు ఉండవలసింది ఇదే. చీటీ ఉంది కదా."

"ఏముంది చీటీ మీద?"

హతనో గారు ఆమె వంక వింతగా చూశాడు. అంత పెద్ద అక్షరాలు, ఎర్ర సిరా.

మల్సున్‌కు గొంతులో మాట ఉంది. కళ్ళజోడు మరిచిపోయానండీ అన్న మాట, ముప్ఫై ఏళ్ళుగా అరిగిపోయిన మాట. అది నోటిదాకా వచ్చింది. అది అంటే ఇంకెవరో చదివి చెబుతారు, గండం గడుస్తుంది. కానీ ఈ రోజు తన పని ఎవరి ఎదుటా తల దించకూడదని ఆమె ఇంత దూరం వచ్చింది. పని నిటారుగా నిలబడాలంటే తాను దొంగచాటుగా నిలబడి లాభం లేదు.

"నాకు చదువు రాదండీ," అంది. "కళ్ళు బాగానే ఉన్నాయి. కళ్ళజోడు నాకసలు లేదు. ఏముందో మీరే చదవండి."

నిషివాకి గారు గభాలున ఆమె వైపు తిరిగాడు.

"'పైవైపు' అని ఉంది," అన్నాడు హతనో గారు మెల్లగా.

"మీ కాగితం నక్షత్రం వైపు నుంచి చూసినట్టు గీసిందని అన్నారు. నేను ఆ కాగితాన్ని ఎలా ఉందో అలా బిళ్ళలతో పేర్చాను. అంటే బిళ్ళలున్న వైపే పైవైపు. ఈ చీటీ వెనకవైపు మీద ఉంది. ఇది నేను అంటించలేదు."

"మరి ఎవరు?"

ఆమె చెప్పేదాకా ఆగకుండా హతనో గారి చూపు నిషివాకి గారి మీదికి వెళ్ళింది. ఆయన మెడ దాకా ఎర్రబడి ఉన్నాడు.

"జిగురు మరకలున్న వైపు..." అన్నాడు. "మీవంటి పెద్దలకు పంపేటప్పుడు గరుకు వైపు పైకి పెట్టి ఎలా పంపుతాం? ఎవరింటికి వెళ్ళినా నున్నటి వైపే కదా చూపిస్తాం. అది వెనకవైపు అని నాకు తట్టనే లేదు."

"మాకూ తట్టలేదు," అన్నాడు హతనో గారు. "అందమైన వైపు పైకి ఉంటే, సబబుగానే ఉందనుకుని బిగించాం. నాలుగు వైపులకూ తిప్పాం గానీ తిరగెయ్యాలని తోచలేదు. మీ మర్యాద, మా మర్యాద కలిసి ఈ పని చేశాయి."

"మర్యాద మీ ఇద్దరిదీ. తప్పులు ఏడువందల ఎనభై ఆరూ నావి," అంది మల్సున్.

హతనో గారికి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. నిషివాకి గారికి రాలేదు. ఆయన రెండు చేతులూ తొడలకు ఆనించి, ఈసారి హతనో గారి వైపు కాదు, మల్సున్ వైపు తిరిగి, నడుము దగ్గర నుంచి వంగాడు. ఆమె మనసులో లెక్కపెట్టింది. ఎనిమిది దాకా ఆయన లేవలేదు.

ఆమె "పరవాలేదండీ" అనలేదు. అనాలని అక్కడ పద్ధతి. కానీ ఆమెకు పరవా ఉంది.

రేకును తిరగేసి దుర్భిణి మూతికి బిగించారు. ఆ కొసన సీసం పెట్టె తలుపు తెరిచారు. చాలినంత వెలుగు పోగవడానికి గంట పడుతుందన్నారు. ఆ గంటసేపూ ఊరికే కూర్చోలేక మల్సున్ మిఠాయి పెట్టె తన ముందుకు లాక్కుంది.

"క్షమాపణ మిఠాయి కదా ఇది. క్షమాపణ చెప్పవలసిన పని లేకపోయె. తిందాం," అని విప్పి, ముక్కలు కోసి, హతనో గారికి ఒకటి, నిషివాకి గారికి ఒకటి ఇచ్చింది. తాను రెండు తింది.

గంట తరువాత తెర మీద గంజి లేదు. నల్లటి చీకట్లో, మధ్యకు కాస్త ఎడమగా, ఒక్క చుక్క. ఆవగింజంత. దీపం ఎక్కడ పెట్టారో అక్కడే. హతనో గారు దీపాన్ని మూరెడు పక్కకు జరిపి ఇంకో గంట ఆగాడు. చుక్క కూడా జరిగింది. మల్సున్ తెర మీద చెయ్యి పెట్టబోయి, ఆపుకుని, "పడవ జరిగింది," అంది తనలో తాను.

వెళ్ళబోయే ముందు హతనో గారు తనిఖీ కాగితం తెచ్చాడు. పరీక్ష నెగ్గినట్టు ముద్ర పడింది. కింద, పని చేసినవారు అన్నచోట, నిషివాకి గారు వర్క్‌షాపు నుంచి పంపేటప్పుడే మత్సుబరా అన్న పేరు రాశాడు. ఏమేం రాసి ఉందో హతనో గారి చేత ఆమె చదివించుకుంది.

"ఆ పేరు కొట్టెయ్యండి," అంది.

"మత్సుబరా, ఇప్పుడు పేరెందుకు..." అన్నాడు నిషివాకి గారు.

"తప్పు నాది అన్నప్పుడు ఎవరి పేరైనా ఒకటే. ఒప్పు నాది అన్నప్పుడు నా పేరే కావాలి. నా పేరు బూ మల్సున్."

హతనో గారు పెన్ను తీశాడు. "ఎలా రాస్తారు?"

మల్సున్ ఆ గీతల మధ్య ఖాళీని చూసింది. "నాకు తెలియదు. తెలుసుకుని వచ్చి నేనే రాస్తాను. అంతదాకా ఖాళీగా ఉంచండి. ఖాళీలోంచే కదా మీకు వెలుగు వచ్చేది."

ఆయన పాత పేరును అడ్డంగా కొట్టేసి, దాని కింద ఖాళీ వదిలి, కాగితాన్ని ఫైలులో పెట్టాడు.

సెప్టెంబరులో బెలూను ఎగిరింది. ఆకాశంలో ఐదు గంటలున్నాక సముద్రంలో దిగింది. ఒకే చోట కలిసిపోయి ఉన్నాయనుకున్న రెండు నక్షత్రాలు విడివిడిగా కనబడ్డాయని హతనో గారు వర్క్‌షాపుకు ఉత్తరం రాశాడు. అందులో ఫొటో కూడా పెట్టాడు. రెండు చుక్కలు. నిషివాకి గారు ఉత్తరం చదివి వినిపిస్తుంటే మల్సున్ ఆపి, "ఇవ్వండి, ఇంటికి పట్టుకెళ్తాను," అంది.

"చదవలేవు కదా."

"ఇవాళ చదవలేను."

ఆ నెల నుంచి ఆమె పని దిగగానే సాయంత్రపు బడికి వెళ్ళింది. అక్కడ అందరూ ఆమె ఈడువాళ్ళే, చాలామంది కొరియా ఆడవాళ్ళు, సంచుల్లో పెన్సిళ్ళు దాచుకుని వచ్చేవాళ్ళు. మొదట నేర్చింది తన పేరు. శీతాకాలపు సెలవుల్లో తోక్యో రైలెక్కి వెళ్ళి ఆ ఖాళీలో రాసి వచ్చింది. గీత దాటి బయటికి పోయింది. హతనో గారు సిరా ఆరేదాకా ఆగి కాగితాన్ని మళ్ళీ ఫైలులో పెట్టాడు.

తరువాతి ఏడు రెండో రేకు పని వచ్చింది. ఈసారి అరవై వరుసలు. ఆమె, గోబున్ కలిసి చేశారు. పూర్తయిన రోజు నిషివాకి గారు అలవాటుగా తెల్ల తొడుగులు వేసుకుని వచ్చేసరికి, బిళ్ళలున్న వైపు మీద, అంచున, చీటీ అప్పటికే అంటించి ఉంది. ఎర్ర సిరా. "పైవైపు" అన్న అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, చివరిది పక్కకు ఒరిగింది.

 "మత్సుబరా..." అని, ఆగి, మళ్ళీ అన్నాడు. "బూ గారూ, అక్షరాలు మరీ వంకరగా ఉన్నాయి. పెద్దవాళ్ళకు పంపేది. నేను చక్కగా రాసి ఇంకోటి అంటించనా?"

"వద్దండీ," అంది ఆమె పట్టకారు తుడుచుకుంటూ. "మీ చక్కటి చీటీ పోయినేడు చూశాం కదా."

గోబున్ బల్ల కింద తలపెట్టి నవ్వింది. నిషివాకి గారు తొడుగులు విప్పేసి, జిగురు మరకలున్న వైపును అలాగే పైకి పెట్టి, పెట్టె మూత వేశాడు.

బూ మల్సున్
డెబ్బై ఏడేళ్ళు
ఒసాకా, ఇకునో, చేపల బజారు వెనక సందు, మేడమీది వాటా